పాత బీటిల్‌కు రేడియల్ టైర్లు: ముందు రిమ్మును కొలవండి

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1965 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉండిపోయింది. ఇంజను, బ్రేకులు బాగుచేయించి ఈ మధ్యనే మళ్లీ రోడ్డెక్కించాను. దానికున్నవి 5.60-15 సైజు, క్రాస్‌ప్లై అనే పాత రకం టైర్లు; పక్కలన్నీ బీటలు వారాయి. టైర్ల దుకాణంలో 195/65 ఆర్ 15 రేడియల్ టైర్లు వేసుకోమంటున్నారు, అవైతే సులువుగా దొరుకుతాయట. పాత కార్ల గురించి తెలిసిన మిత్రుడేమో రేడియల్ వేస్తే కారు అసలుతనం పోతుందనీ, మళ్లీ క్రాస్‌ప్లైలే వేయమనీ పట్టుబడుతున్నాడు. సెలవు రోజుల్లో హైవే మీద వంద, నూటయాభై కిలోమీటర్లు తిరిగి రావాలని నా కోరిక. ఏ సైజు తీసుకోవాలి? ప్రస్తుతానికి ముందు రెండూ మార్చి, వెనుక రెండూ తర్వాత మార్చుకోవచ్చా? ట్యూబు ఉండాలా, అక్కర్లేదా?

జవాబు: మీరు చెప్పిన వాడకానికి రేడియల్ టైర్లే మేలు. సైజు 165 ఆర్ 15. దుకాణంవారు చెప్పిన 195 మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రెండు ఇప్పుడు, రెండు తర్వాత అన్న ఆలోచన కూడా మానుకోండి. ట్యూబు సంగతి మీ రిమ్ములను చూస్తేగానీ తేలదు. నిజానికి మీరడిగిన ప్రశ్నల్లో సగం వాటికి జవాబు రిమ్ము దగ్గరే ఉంది. పాత కారుకు టైర్లు కొనేవారు సాధారణంగా ముందు టైరును ఎంచుకుని, తర్వాత అది రిమ్ముకు పడుతుందా అని చూస్తారు. ఆ వరుసను తిరగేస్తే చాలా తప్పులు వాటంతటవే తప్పిపోతాయి.

మొదట మీ మిత్రుడి అభ్యంతరాన్ని చూద్దాం, ఎందుకంటే అది కొట్టిపారేయదగింది కాదు. క్రాస్‌ప్లైకి ఒక రూపం ఉంది. నిలువుగా, గుండ్రని భుజాలతో, సన్నగా కనిపించే ఆ టైరు మీదనే ఆ కాలపు కార్ల అందం సగం నిలబడి ఉంటుంది. కానీ రేడియల్ అనేది తర్వాతి కాలం వస్తువని ఆయన అనుకుంటే అది పొరపాటు. మిషెలిన్ సంస్థ రేడియల్ నిర్మాణానికి పేటెంటు కోరింది 1946లో. మిషెలిన్ ఎక్స్ పేరుతో ఆ టైరు అమ్మకానికి వచ్చింది 1949లో. 1955లో వెలువడిన సిట్రోయెన్ డీఎస్ కారును ఆ టైరును దృష్టిలో ఉంచుకునే తీర్చిదిద్దారు. పిరెల్లీ చింటురాటో కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. అమెరికాలో మాత్రం ఆలస్యమైంది. అక్కడి కార్లలో రేడియల్ టైర్లను ప్రామాణికంగా అమర్చుకుని వచ్చిన మొదటిది 1970 నాటి లింకన్ కాంటినెంటల్ మార్క్ 3. అంటే మీ బీటిల్ కర్మాగారం నుంచి బయటికి వచ్చేనాటికి యూరప్ రోడ్ల మీద రేడియల్ టైర్లకు పదహారేళ్ల వయసు. మీ నాన్నగారు కారు కొన్న మరునాడే రేడియల్ వేయించి ఉన్నా అప్పుడెవరూ వింతగా చూసేవారు కారు. పోటీ ప్రదర్శనలకు పెట్టే కారైతే, న్యాయనిర్ణేతలు అసలు సైజును, అసలు నిర్మాణాన్ని అడిగే చోట క్రాస్‌ప్లై ఉంచుకోవడం సబబే. హైవే మీద తిరిగే కారుకు ఆ వాదన నిలవదు.

ఇక రెండు నిర్మాణాలకూ తేడా ఏమిటో తెలిస్తే తర్వాత చెప్పే జాగ్రత్తలకు కారణం బోధపడుతుంది. క్రాస్‌ప్లై టైరులో పోగుల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, నులక మంచం అల్లికలాగా అడ్డదిడ్డంగా సాగుతాయి. మంచం ఒక మూల కూర్చుంటే అల్లికంతా కదిలినట్టే, మలుపులో టైరు పక్క వంగితే రోడ్డును తాకే ట్రెడ్ కూడా దానితోపాటు వంగి, ఒక అంచు పైకి లేస్తుంది. రేడియల్‌లో పోగులు ఒక అంచు నుంచి మరో అంచుకు నిటారుగా, చక్రం తిరిగే దిశకు సరిగ్గా అడ్డంగా సాగుతాయి. వాటి మీద ట్రెడ్ కింద, బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టు ఉక్కుతీగల పట్టీలు చుట్టి ఉంటాయి. అందువల్ల సైడ్‌వాల్, అంటే టైరు పక్క, ఎంత వంగినా ట్రెడ్ నేల మీద బల్లపరుపుగా అంటిపెట్టుకునే ఉంటుంది. తడి రోడ్డు మీద పట్టు పెరగడం, అరుగుదల తగ్గడం, రోడ్డులోని గాళ్ల వెంట కారు తనంతట తాను పక్కకు లాక్కుపోయే గుణం మాయం కావడం, రాత్రంతా నిలిపిన కారు పొద్దున మొదటి కిలోమీటరు దూరం దడదడలాడడం తగ్గడం, ఇవన్నీ ఆ ఒక్క మార్పు ఫలితాలే. దీనికి మూల్యం కూడా ఉంది. కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగు బరువెక్కుతుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు చిన్న గతుకులు మునుపటికంటే గట్టిగా తగులుతాయి. క్రాస్‌ప్లై పట్టు సడలే ముందు కీచుమంటూ, కొద్దికొద్దిగా జారుతూ చాలాసేపు హెచ్చరిస్తుంది. రేడియల్ అంతకంటే ఎంతో దూరం పట్టి ఉంచుతుంది గానీ, వదిలేటప్పుడు అంత మర్యాదగా చెప్పి వదలదు.

సైజు దగ్గరికి వద్దాం. 5.60-15 అంటే టైరు వెడల్పు 5.60 అంగుళాలు, అంటే సుమారు 142 మిల్లీమీటర్లు. రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. ఆ కాలపు క్రాస్‌ప్లై టైర్ల ఎత్తు దాదాపు వాటి వెడల్పంత ఉండేది. రేడియల్ పేరులో వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. 165 ఆర్ 15 వంటి పాత తరహా పేర్లలో ఎత్తు నిష్పత్తి రాయరు, రాయకపోతే సుమారు 82 శాతమని అర్థం. కనుక 165 ఆర్ 15 టైరు పూర్తి వ్యాసం 381కి రెండు 135లు కలిపితే సుమారు 651 మిల్లీమీటర్లు. ఇది మీ పాత టైరు ఎత్తుకు చాలా దగ్గర. 165/80 ఆర్ 15 అని రాసి ఉన్నది కనిపిస్తే అదీ తీసుకోవచ్చు, తేడా ఆరేడు మిల్లీమీటర్లే. 155 ఆర్ 15 దొరికితే దాన్నీ తోసిపుచ్చకండి: కొంచెం పొట్టిదే గానీ సన్నగా ఉండడం వల్ల స్టీరింగు తేలిగ్గా ఉంటుంది, చూపుకు మీ మిత్రుడికి కూడా నచ్చుతుంది.

195/65 ఆర్ 15 ఎందుకు కాదు? మీ కారుకు ఆ ఏడాది వచ్చిన రిమ్ము వెడల్పు 4 అంగుళాలు. లోపలి వైపున 4జె అని అచ్చు గుద్ది ఉంటుంది, ఒకసారి తుడిచి చూడండి. 195/65 టైరుకు కనీసం ఐదున్నర అంగుళాల రిమ్ము కావాలి. నాలుగంగుళాల రిమ్ము మీద దాన్ని బలవంతాన ఎక్కించవచ్చు, గాలి కూడా నిలుస్తుంది, దుకాణంలో చూస్తే దిట్టంగానే కనిపిస్తుంది. కానీ రెండు అంచులూ దగ్గరికి నొక్కుకుపోవడం వల్ల టైరు ఉబ్బిన సంచిలా తయారై, ట్రెడ్ మధ్యభాగం మాత్రమే నేలను తాకుతుంది. మలుపులో చక్రం మీద టైరు అటూఇటూ ఊగుతుంది. గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి జారే ప్రమాదం ఉంది. వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందన్నది ఇక్కడ తలకిందులవుతుంది. 165కి నాలుగంగుళాలు కనీస హద్దు. అంటే మీ రిమ్ము మోయగల వెడల్పు అక్కడితో ఆగిపోతుంది. కొనేముందు ఆ తయారీదారు పట్టికలో ఆ టైరుకు అనుమతించిన రిమ్ము వెడల్పులు చూసుకోవడం రెండు నిమిషాల పని.

వెడల్పు రిమ్ములు కూడా మార్పించేద్దామని మరొకరు సలహా ఇవ్వవచ్చు. అది వేరే కారు అవుతుంది. బీటిల్ చక్రాల బేరింగులు, స్టీరింగు పెట్టె, ముందు స్ప్రింగుల పని చేసే టార్షన్ బార్లు అన్నీ సన్నని టైరు మీద పడే బలాలను లెక్కపెట్టి చేసినవి. పవర్ స్టీరింగు లేని కారుకు 195 టైర్లు వేసి, పార్కింగులో ఒక అరగంట తిప్పి చూసినవారు ఆ సంబరం రెండోసారి కోరుకోరు.

టైరు ఎత్తు తగ్గితే ఏమవుతుందన్నది బీటిల్ విషయంలో కాస్త సరదాగా ఉంటుంది. ఈ కారులో స్పీడోమీటరు తీగ గేరుబాక్సు నుంచి రాదు. ముందు ఎడమ చక్రం నుంచి వస్తుంది. కనుక ముందు టైరు పొట్టిదైతే స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తుంది. వెనుక టైరు పొట్టిదైతే ఇంజను ఎక్కువ తిరుగుతుంది. రెండూ వేర్వేరు లెక్కలు. ఉదాహరణకు 185/65 ఆర్ 15 పూర్తి వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. వెనుక అది వేస్తే, మీరు గంటకు 80 కిలోమీటర్లు వెళ్తుంటే ఇంజను 84 కిలోమీటర్ల వేగానికి తిరిగినంత తిరుగుతుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజనుకు హైవే మీద గంటల తరబడి ఆ అదనపు తిరుగుడు అనవసరమైన భారం. మీ ప్రయాణాలన్నీ హైవే మీదే అంటున్నారు కాబట్టి ఈ ఎత్తు విషయంలో నేను రాజీపడను.

సైజు తర్వాత రాసే అంకె, అక్షరం కూడా చదవాలి. 165 ఆర్ 15 తర్వాత 86 ఎస్ అని ఉంటే, ఒక్కో టైరు 530 కిలోల వరకు మోయగలదనీ, గంటకు 180 కిలోమీటర్ల వరకు తట్టుకోగలదనీ అర్థం. 82 అంటే 475 కిలోలు. బీటిల్ తేలికపాటి కారు. ఆ ఏటి 1200 సీసీ ఇంజనుతో దాని గరిష్ఠ వేగం 115 కిలోమీటర్ల ప్రాంతం. కాబట్టి ఎస్ గుర్తు చాలు, హెచ్, వీ గుర్తుల కోసం తాపత్రయపడనక్కర్లేదు. అయితే 15 తర్వాత సి అనే అక్షరం ఉంటే ఆగండి. అది సరుకు రవాణా వ్యాన్లకు చేసిన టైరు. అంకెలు సరిపోయాయి కదా, పైగా గట్టిది కదా అని దాన్ని తీసుకునేవారున్నారు. కానీ దాని సైడ్‌వాల్ ఎక్కువ గాలితో, ఎక్కువ బరువు కింద వంగేలా చేసినది. బీటిల్ ముందు చక్రాల్లో ఉండే కొద్దిపాటి గాలితో, కొద్దిపాటి బరువుతో అది కొయ్యముక్కలా ప్రవర్తిస్తుంది.

బ్రాండు కంటే ముందు తేదీ చూడండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేనొక పాత కారుకు అరుదైన సైజు టైర్లు వెతికి వెతికి, ఒకచోట కాగితపు చుట్టలు కూడా విప్పని జతను సంపాదించాను. ట్రెడ్ మీద వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలు చెక్కుచెదరలేదు. బిగించాక, కారు కింద పడుకుని వేరే పని చూసుకుంటుంటే, లోపలి వైపు సైడ్‌వాల్ మీద టార్చి వెలుగు పడి, డీఓటీ అని మొదలయ్యే తయారీ గుర్తు చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు కనిపించాయి. లెక్కవేస్తే నేను వేసుకున్న కొత్త టైర్ల వయసు తొమ్మిదేళ్లు. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే 2000కు ముందుదని అర్థం, అలాంటిదాన్ని ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దనండి. పూర్తి అంకె టైరుకు ఒక పక్కనే ఉండడం కద్దు. బయట కనిపించలేదంటే లోపలి పక్క చూడాలి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షించమనీ, పదేళ్లు దాటితే అరగకపోయినా తీసేయమనీ పెద్ద తయారీదారులు చెబుతారు. సరదాకు తిరిగే పాత కారు టైరు ఎప్పుడూ అరిగి చావదు, ముసలిదై చస్తుంది. అందుకే కొనేరోజున దాని వయసు ఏడాదికి, మహా అయితే రెండేళ్లకు మించకుండా చూసుకోండి. పాత సైజులను ఇప్పటికీ పోతపోస్తున్న పెద్ద సంస్థలున్నాయి. మిషెలిన్, పిరెల్లీ తమ పాత నమూనాలను తిరిగి తయారుచేస్తున్నాయి. వ్రెడెస్టైన్ స్ప్రింట్ క్లాసిక్ పాతకాలపు ట్రెడ్ రూపంతో వస్తుంది. మామూలు దుకాణంలో అడిగితే లేదంటారు గానీ, పాత కార్ల టైర్లే అమ్మేవారిని అడిగితే దొరుకుతాయి. కొన్ని నెలలు ఆగాల్సి వచ్చినా ఆగండి.

టైర్లు వచ్చేలోగా చేయాల్సిన పని రిమ్ములది. రేడియల్ మలుపుల్లో ఎక్కువ పట్టు చూపుతుంది, ఆ బలమంతా టైరు అంచు ద్వారా రిమ్ము మీద పడుతుంది. మెత్తని టైర్లకు అలవాటుపడిన దశాబ్దాల నాటి ఇనుము ఆ కొత్త బలాన్ని భరించాలి. పాత టైర్లు ఊడదీయించి, ఖాళీ రిమ్మును వెలుతురులో పెట్టండి. టైరు అంచు కూర్చునే గాడిని తీగబ్రష్షుతో రుద్ది, తుప్పు పొలుసులు పోయేదాకా తుడవండి. తర్వాత రిమ్ము వలయం, మధ్య పళ్లెం కలిసే వెల్డింగుల చుట్టూ, బోల్టు రంధ్రాల చుట్టూ వేలితో తడుముతూ చూడండి. పెయింటు కింద పగులు ఉంటే పగులులా కనిపించదు. గోధుమరంగు వెంట్రుకలా, పెన్నుతో గీసిన గీతలా తుప్పు ఊరి ఉంటుంది. అలాంటి గీత కనిపిస్తే ఆ రిమ్మును వెల్డింగు చేయించకండి, మార్చేయండి. పగుళ్లు లేవనుకుంటే, రిమ్మును కారుకే బిగించి, చక్రం పైకెత్తి, రిమ్ము అంచుకు తాకీతాకకుండా ఒక సుద్దముక్కను కదలని దేనికైనా ఆనించి పట్టుకుని, చక్రాన్ని చేత్తో తిప్పండి. సుద్ద ఒకే చోట గీస్తూ, మిగతాచోట తాకకపోతే అక్కడ వంకర ఉన్నట్టు. ఆ వంకర మిల్లీమీటరున్నరకు మించితే సరిచేయించాలి. క్రాస్‌ప్లై కప్పిపుచ్చిన వంకరను రేడియల్ స్టీరింగు దాకా మోసుకొస్తుంది.

ట్యూబు ప్రశ్నకు జవాబు కూడా ఇదే రిమ్ము చెబుతుంది. టైరు అంచు కూర్చునే గాడి లోపలి వైపున చుట్టూ చిన్న గట్టులాంటి ఉబ్బు ఉంటే, అది ట్యూబ్‌లెస్ టైరు అంచు జారిపోకుండా పెట్టిన రక్షణ. ఆ గట్టు ఉండి, గాడి నున్నగా ఉంటే, కొత్త రబ్బరు వాల్వుతో ట్యూబు లేకుండానే వాడుకోండి. గట్టు లేకపోయినా, తుప్పు గుంటలు పడి గాడి గరుకుగా ఉన్నా ట్యూబు వేయక తప్పదు. అప్పుడు రేడియల్ కోసమని చేసిన, సరిగ్గా ఆ సైజు ట్యూబే తీసుకోవాలి, ఎందుకంటే రేడియల్ సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, మామూలు ట్యూబు ఆ వంపుల దగ్గర రాసుకుని చిరుగుతుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపల అంటించిన కాగితపు ముక్కలు, చీటీలు ఉంటే గీకి తీయించి, టాల్కమ్ పొడి చల్లి, అప్పుడు ట్యూబు పెట్టించండి. పాత ట్యూబును మళ్లీ వాడడం దండగ పొదుపు. ట్యూబు పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబ్‌లెస్‌లో మెల్లగా పోతుంది. అందుకే రిమ్ము ఒప్పుకుంటే నా ఓటు ట్యూబ్‌లెస్‌కే.

ముందు రెండూ ఇప్పుడు, వెనుక రెండూ తర్వాత అన్నారు. ఇది మీ లేఖలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం. రేడియల్ ముందు, క్రాస్‌ప్లై వెనుక అన్నది అన్ని కలయికల్లోకీ ప్రమాదకరమైనది. ముందు చక్రాలు స్టీరింగు తిప్పిన వెంటనే గట్టిగా పట్టుకుని కారు ముక్కును లోపలికి లాగుతాయి. వెనుక చక్రాలు ఆ వేగానికి పట్టు చాలక బయటికి జారుతాయి. కారు బొంగరంలా తిరుగుతుంది. నా వయసు కుర్రతనంలో ఉన్నప్పుడు నేనూ ఇదే లెక్క వేసుకుని, ముందు రెండే మార్చి, మొదటి వానలో ఒక మామూలు మలుపు దగ్గర, వచ్చిన దారినే చూస్తూ ఆగాను. ఎదురుగా ఎవరూ రాకపోవడం నా అదృష్టం. మీ కారుకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. బీటిల్ బరువులో సగానికి మించి వెనుకే ఉంటుంది. పైగా 1965 నాటి దానికి వెనుక స్వింగ్ యాక్సిల్: చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని వాలు మారిపోతుంది. మలుపులో కంగారుపడి యాక్సిలరేటరు వదిలేస్తే వెనుక భాగం పైకి లేచి, బయటి చక్రం కారు కిందికి ముడుచుకునే గుణం ఆ ఏర్పాటుకు ఉంది. అలాంటి కారుకు వెనుక పట్టు తక్కువగా ఉండే పరిస్థితిని చేతులారా తెచ్చుకోకూడదు. ఒకే ఇరుసుకు ఒకటి అదీ, ఒకటి ఇదీ వేయడం గురించి చెప్పనే అక్కర్లేదు. అన్నీ ఒకేసారి కొనే వీలు కలిగేదాకా కారు షెడ్డులోనే ఉండనివ్వండి. పక్కలు బీటలు వారిన ఆ పాత టైర్ల మీద హైవే ఎక్కడం ఎలాగూ కుదరదు.

కొత్త టైర్లు బిగించే ముందు ముందుభాగాన్ని ఒకసారి మెకానిక్కుకు చూపించండి. ఆ ఏటి బీటిల్‌లో ముందు చక్రాలు మళ్లడానికి, పైకీ కిందికీ కదలడానికి ఆధారమైన కింగ్‌పిన్‌లు, లింక్‌పిన్‌లు ఉంటాయి; ఎనిమిదేళ్లు కదలకుండా ఉన్న కారులో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటే అక్కడ ఆట, అంటే వదులు, ఉన్నట్టు. రేడియల్ ఆ ఆటను దాచదు, స్టీరింగులో వణుకుగా చూపిస్తుంది, అప్పుడందరూ టైరునే తిడతారు. పాత గ్రీజు వెళ్లిపోయేదాకా కొత్త గ్రీజు ఎక్కించి, బేరింగులు, టై రాడ్ చివర్లు సరిచూసి, ఆ తర్వాతే అలైన్‌మెంటు చేయించాలి. క్రాస్‌ప్లై రోజుల్లో చక్రాలను ముందువైపు కొంచెం ఎక్కువగా లోపలికి మళ్లించి పెట్టేవారు. రేడియల్‌కు అంత టో-ఇన్ అక్కర్లేదు, అనుమతించిన హద్దుల్లో తక్కువ వైపు పెట్టించండి. బ్యాలెన్సింగు దగ్గర ఇంకో చిక్కు ఉంది. మీ రిమ్ముకు ఐదు బోల్టు రంధ్రాలు 205 మిల్లీమీటర్ల పెద్ద వృత్తంలో ఉంటాయి, మధ్య రంధ్రం కూడా పెద్దది, మామూలు యంత్రంలోని శంకువు దానికి సరిగా కూర్చోదు. ఆ సైజుకు తగిన పళ్లెం ఉన్నదో లేదో ముందే ఫోనులో అడిగి వెళ్లండి.

గాలి విషయంలో బీటిల్ మిగతా కార్లలాంటిది కాదు. క్రాస్‌ప్లైలకు దాని పుస్తకం చెప్పేది ముందు 16, వెనుక 24 పీఎస్ఐ. రేడియల్‌కు ముందు 18, వెనుక 27. ఎనిమిది తొమ్మిది పీఎస్ఐ తేడా అచ్చుతప్పు కాదు. వెనుక బరువును, ఆ స్వింగ్ యాక్సిల్‌ను అదుపులో ఉంచేది ఆ తేడానే. గాలి పట్టే కుర్రాడు అలవాటు కొద్దీ నాలుగింటికీ 30 కొడతాడు, దగ్గరుండి వద్దనాలి. సైడ్‌వాల్ మీద గరిష్ఠమని రాసి ఉండే అంకె టైరు తట్టుకోగల హద్దు మాత్రమే, మీరు నింపాల్సిన కొలత కాదు. రేడియల్ పక్కన ఉబ్బి, సగం గాలి పోయినట్టు కనిపించడం దాని సహజగుణం. చూపును నమ్మి గాలి పెంచితే పట్టు పోతుంది. అనుమానం ఉంటే ట్రెడ్ అడ్డంగా సుద్దతో దట్టమైన గీత గీసి, తిన్నని, పొడి రోడ్డు మీద ఇరవై ముప్పై మీటర్లు నడిపి దిగి చూడండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. పూర్తి బరువుతో బయల్దేరే రోజున వెనుక ఒకటి రెండు పీఎస్ఐ పెంచవచ్చు, కొలిచేది మాత్రం ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే.

మొదటి రెండు వందల కిలోమీటర్లు నిదానంగా నడపండి. అచ్చు నుంచి విడదీయడానికి పూసిన పదార్థం ట్రెడ్ మీద ఇంకా ఉంటుంది, ముఖ్యంగా తడి రోడ్డు మీద అది జారుతుంది. వంద కిలోమీటర్ల తర్వాత చక్రాల బోల్టులు మళ్లీ బిగించి చూసుకోవాలి. హబ్‌క్యాప్‌లు కూడా ఓసారి తట్టి చూడండి, రేడియల్ రిమ్మును మునుపటికంటే ఎక్కువగా వంచుతుంది కనుక అవి ఊడి దొర్లిపోయిన సందర్భాలున్నాయి. కారును నెలల తరబడి కదపకుండా ఉంచవద్దు. రబ్బరులో కలిపిన రక్షక మైనాలు టైరు తిరిగి, వంగి, వేడెక్కినప్పుడే పైకి ఊరి, గాలిలోని ఓజోను నుంచి దాన్ని కాపాడతాయి. నిలబడిన టైరు బీటలు వారడానికి మూలం అదే. నల్లగా మెరిసే పూతలు కొన్ని ఆ మైనాన్నే కరిగించి తుడిచేస్తాయి, సబ్బునీళ్లతో కడగడమే చాలు.

పైన అన్నిచోట్లా నాలుగు టైర్లన్నట్టే మాట్లాడాను గానీ, మీరు కొనాల్సినవి ఐదు. బీటిల్ ముక్కులో నిలబెట్టి ఉంచే స్పేర్ చక్రానికి ఆ పాత క్రాస్‌ప్లైలలో కాస్త మెరుగ్గా ఉన్నదాన్ని సర్దిపెడదామని అనిపిస్తుంది. కానీ హైవే మీద వెనుక చక్రం పంక్చరైతే, ఒకే ఇరుసుకు రెండు రకాల టైర్లతో, అందులోనూ వయసు మీరిన దానితో ఇంటికి రావాల్సింది మీరే.